పరుపుల బావ పెద్ద చదువు

యూనివర్సిటీ పాఠం మొదలైతే చాలు, పరుపుల బావకు గురక మొదలయ్యేది. మాస్టారు గొంతు సవరించుకుని "ఈ రోజు మనం..." అనేసరికి బావ తల పక్కకి వాలేది. "ఈ రోజు మనం" తరవాత ఏముందో ఆయన ఒక్కనాడూ విని ఎరగడు. అయినా ఒక్క క్లాసు మానింది లేదు. మానేవాళ్ళంటే మండిపడేవాడు కూడా.

"చదువు ఊరికే ఇస్తుంటే వద్దనేవాణ్ణి ఏమనాలి?" అనేవాడు, ఆవలిస్తూ.

బావది పరుపుల దుకాణం. కింద దుకాణం, మేడమీద రెండు వాటాలు. ఒక వాటాలో బావా అక్కా, రెండో వాటాలో అక్క చెల్లెలైన మరదలూ ఆమె భర్తా. తోడల్లుళ్ళిద్దరూ కలిసి వ్యాపారం చేసేవారు. దూది ఏకడం, నింపడం, అమ్మడం బావ వంతు. దబ్బనం పట్టి కుట్టడం, దూది కదలకుండా టాకాలు వెయ్యడం తోడల్లుడి వంతు. "నేను పొట్ట నింపుతాను, వాడు మూతి కుడతాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి బావ తనే నవ్వేవాడు. తోడల్లుడు నవ్వేవాడు కాదు. నోట్లో దారం ఉండేది మరి.

ఆ తోడల్లుడు జ్వరం తిరగబెట్టి, చూస్తూ చూస్తుండగా పోయాడు. దబ్బనం దారంతో సహా సగం కుట్టిన పరుపులోనే ఉండిపోయింది. మరదలు మేడ దిగివచ్చి ఆ దబ్బనం తను పట్టుకుంది. కుట్టు ఆమెకు వచ్చు. మాటే రాకుండా పోయింది. అంతకుముందూ పెద్ద మాటకారి కాదు కానీ, ఆ తరవాత మరీ పొదుపు. "ఊఁ", "ఉహుఁ", "చాలు", వీటితోనే రోజు వెళ్ళదీసేది. అక్క అన్నం పెట్టి "కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే "ఊఁ". అక్క ఉప్పు వెయ్యడమే మరిచిపోయిన రోజు కూడా "ఊఁ"యే.

"దీని గొంతెలా ఉండేదో మరిచిపోయేలా ఉన్నానండీ" అనేది అక్క, మొగుడి దగ్గర. బావ దూదిని కసిగా ఏకేవాడు.

అలాంటి రోజుల్లో కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ దిండు కోసం వచ్చింది. మెడ పట్టేసిందట. కెమెరా ముందు కదలకుండా కూర్చుని పాఠాలు చెప్పి చెప్పి అలా అయిందట.

"కెమెరాకి పాఠం దేనికండీ? దానికి పరీక్షలుంటాయా?" అన్నాడు బావ.

"రికార్డు చేసి ఇంటర్నెట్లో పెడతామండీ. చరిత్ర, సైన్సు, అన్నీ ఉన్నాయి, తెలుగులోనే. ఎవరైనా వినొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు."

"యూనివర్సిటీ చదువే?"

"అదే."

"నేను ఎనిమిది తప్పినవాణ్ణండీ."

"ఎవరూ అడగరు."

"అర్థం కాకపోతే?"

"మళ్ళీ వినొచ్చు."

"కొట్టరు కదా?"

ఆవిడ నవ్వి, ఫోనులో పాఠాలు ఎక్కడుంటాయో చూపించి, దిండు ధర ఎంతన్నది. బావ చెవులు మూసుకున్నాడు. "మెడ విరుచుకుని మీరు ఊరికే చదువు చెబుతుంటే, ఆ మెడ కింద పెట్టే దిండుకి నేను డబ్బు తీసుకోనా! నరకానికి పోతానమ్మా!"

ఆ మర్నాటి నుంచి బేరాలు పల్చబడే మధ్యాహ్నం వేళ దుకాణంలో క్లాసు. అక్క ఆ వేళకు చిన్నపిల్లల బడికి ఆయాగా వెళ్ళేది. బావ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, మెడ గుండీ దాకా పెట్టుకుని, ఫోనును దూది మూట మీద నిలబెట్టి "హాజరు సార్!" అనేవాడు. మాస్టారికంటే ఎత్తులో కూర్చోవడం తప్పని, నేలమీద పరిచిన కొత్త పరుపు మీద కూర్చునేవాడు. బేరం వస్తే చెయ్యెత్తి, "సార్, దిండ్లవాళ్ళొచ్చారు, ఇప్పుడే వస్తాను" అని అనుమతి అడిగేవాడు. మాస్టారు పట్టించుకోకుండా చెప్పుకుపోతుంటే, "చూశావా, పల్లెత్తు మాటనలేదు, ఎంత మంచివారో!" అనేవాడు.

మాస్టార్లందరికీ ఆయనే పేర్లు పెట్టాడు. రెండు వాక్యాలకోసారి గ్లాసెత్తే చరిత్ర మాస్టారు మంచినీళ్ళ మాస్టారు. చేతులు ఊపుతూ నక్షత్రాల సంగతులు చెప్పే ఆవిడ విసనకర్ర మేడమ్. ఇంత భక్తి చూపించి, వాళ్ళు నోరు తెరవగానే నిద్రపోయేవాడు. మామూలు నిద్రా! దుంగల్ని కోసే రంపంలా మొదలై, చివర్లో ఒక ఈల.

మొదటిరోజు పాఠం ముగియగానే బావ ఉలిక్కిపడి లేచాడు. "అయ్యయ్యో, అయిపోయిందా? ఏం చెప్పారమ్మాయ్?"

మూలన పరుపు కుట్టుకుంటున్న మరదలు, మళ్ళీ పెట్టుకోమన్నట్టు వేలు వెనక్కి తిప్పి చూపించింది.

"వెనక్కి తిప్పడమా!" బావ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "పెద్దమనిషి గొంతు తడారిపోయేలా చెప్పాడు. ఎన్నిసార్లు నీళ్ళు తాగాడో నువ్వే చూశావు. నేను కునుకు తీశాను సార్, మళ్ళీ మొదట్నుంచీ కానివ్వండి అంటే బాగుంటుందా? ఆయనకి మాత్రం ఇల్లూ వాకిలీ లేవూ?"

మరదలు వేలు దించేసి, మళ్ళీ దబ్బనం అందుకుంది.

"నువ్వు మెలకువగానే ఉన్నావుగా. చెప్పు మరి."

"యుద్ధం" అంది మరదలు, దారం కొరుకుతూ.

"ఎవరెవరికి?"

"అన్నదమ్ములకి."

"ఎందుకూ?"

"కుర్చీ కోసం."

"కుర్చీ కోసం కొట్టుకు చచ్చారా! వడ్రంగికి చెబితే ఇంకోటి చేసి పెట్టడూ?"

"అబ్బ! సింహాసనం బావా!"

అనేసి మరదలే ఉలిక్కిపడింది. అంత పెద్ద మాట ఆ నోట్లోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో! బావ మాత్రం ఏమీ ఎరగనట్టు, "ఓహో, సింహాసనమా! అలా చెప్పు మరి" అని దిండు గలీబులు మడతపెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఇక రోజూ అదే తంతు. ఆయన నిద్రపోవడం, ఆమె వినడం, ఆయన లేచి అడగడం, ఆమె చెప్పడం. ఊఁ కొడితే ఊరుకునే మనిషి కాదాయె. ఆ రాజు భార్య ఏమంది? ఆ ఓడలో వంట ఎవరు చేసేవారు? సూర్యుడు అంత మండిపోతుంటే ఆర్పేవాళ్ళు లేరా? ఒక మాట చెబితే పది ప్రశ్నలు. మరదలు ముక్కలు ముక్కలుగా చెప్పడం మాని, మొదటినుంచీ వరసగా చెప్పడం నేర్చుకుంది, అదే తొందరగా వదులుతుందని.

విసనకర్ర మేడమ్ విశ్వం పుట్టుక చెప్పిన రోజు మరదలు దబ్బనం పక్కన పెట్టేసింది. "మొదట్లో అంతా ఒక్కచోటే కిక్కిరిసి, సెగలు కక్కుతూ ఉండేదట బావా. తరవాత విచ్చుకోవడం మొదలెట్టిందట. ఇప్పటికీ విచ్చుకుంటూనే ఉందట."

"దూది ఏకినట్టా?"

"అలాగే అనుకోండి."

"ఎవరేకారు?"

"అది చెప్పలేదు."

"చెప్పరు" అని నిట్టూర్చాడు బావ. "ఎక్కడైనా అంతే. సరుకు పేరు చెబుతారు, పనివాడి పేరు చెప్పరు."

మర్నాడు బ్యాంకు గుమాస్తా దిండు కొనడానికొచ్చాడు. బావ దిండును రెండుచేతులా ఎత్తి, "విశ్వం మొదట్లో సరిగ్గా ఇంతే ఉండేదటండీ. ఎవరో ఏకారు. ఇప్పుడు డబుల్ కాట్ సైజుకి వచ్చింది" అన్నాడు గంభీరంగా.

మరదలికి ఒళ్ళు మండింది. "దిండంతా కాదు, డబుల్ కాటూ కాదు!" అంది మూలనుంచి.

గుమాస్తా అటు తిరిగి, "మరెంతండీ?" అన్నాడు.

అడిగాడు గనక చెప్పాలి. చెప్పింది. మొదట్లో మాటలు వెతుక్కుంది, తరవాత సర్దుకుంది. గుమాస్తా దిండు చంకలో పెట్టుకుని నిలబడి విన్నాడు. పరాయి మనిషితో ఆమె అన్ని మాటలు మాట్లాడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అప్పటినుంచి బావ తప్పులకు అంతులేదు. "ఆ మహారాణి తమ్ముణ్ణి చంపేసిందటండీ" అనేవాడు ఒక బేరంతో. "చంపలేదు, ఖైదులో పెట్టింది!" అనేది మరదలు. "భూమి పరుపులా బల్లపరుపుగా ఉంటుందని తేలిందటండీ" అనేవాడు ఇంకొకరితో. "ఆ మాట అన్నవాళ్ళని చూసి మాస్టారు నవ్వారు బావా!" అనేది. తప్పులు చెప్పడానికి ఆయనకు అలుపు లేదు, దిద్దడానికి ఆమెకు తీరిక లేదు.

వ్యాపారం మాత్రం పుంజుకుంది. దారిన పోయేవాళ్ళు గురక విని ఆగేవారు. మిట్టమధ్యాహ్నం, వీధి రొదలో, ఫోను వాగుతుంటే, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్న మనిషిని చూస్తే ఎవరికి ఆశ పుట్టదు!

"ఆయన పడుకున్నారే, ఆ పరుపే కావాలండీ."

"ఆయన లేవాలి కదండీ" అనేది మరదలు.

"ఎప్పుడు లేస్తారు?"

మరదలు ఫోనువైపు చూసి, "ఇంకా ఇద్దరు రాజులు పోవాలి" అనేది. నిజమే చెప్పింది కనక, వాళ్ళెందుకు నవ్వుతున్నారో ముందు ఆమెకు అర్థమయ్యేది కాదు.

పాఠం ముగిసినప్పుడల్లా ఆమె ఎవరూ చూడకుండా ఫోనుకు ఓ దణ్ణం పెట్టేది. తను అయిదో తరగతి దాటలేదు. చదువంటే ఎవరి బీరువాలోనో తాళం వేసి ఉండేదనుకుంది ఇన్నాళ్ళూ. ఎవరి కన్నబిడ్డలో వీళ్ళు! పేరు అడక్కుండా, మొహం చూడకుండా, తనకోసమే అన్నట్టు అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నారు. మేడెక్కి గొళ్ళెం తీసేటప్పుడు అప్పుడప్పుడూ అనిపించేది, మా ఆయన ఉంటే ఇవాళ్టి పాఠం ఆయనకు చెప్పేదాన్ని కదా అని. చెబితే నోట్లో దారం తీసి, "అవునా?" అనేవాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనేవాడు కాదు. ఆ "అవునా" తలుచుకుని గొళ్ళెం తీసేది.

అలా ఉండగా ఒకరోజు కొత్త పాఠం వచ్చింది. తెల్లకోటు డాక్టరమ్మ చెప్పింది. విషయం, నిద్ర. మనిషి ఎందుకు నిద్రపోతాడు, నిద్రలేకపోతే ఏమవుతాడు. ఆవిడ "నిద్ర" అన్న మాట ఇంకా పూర్తిగా అన్లేదు, బావ గుర్రుమన్నాడు.

మరదలికి నవ్వాగలేదు. సాయంత్రం మెట్లమీద కూర్చుని బట్టలు మడతపెడుతున్న అక్క దగ్గరకి పరిగెత్తినట్టే వెళ్ళింది.

"అక్కా, విన్నావా! నిద్రమీద పాఠం పెడితే దానికీ గురకే బావ!"

"ఎవరు?"

"బావే. రోజూ ఉండేదే అనుకో. ఇవాళ మరీ..."

"మీ బావ గురకేమిటే?" అక్క దుప్పటి వదిలేసింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గురక ఒక్కనాడు విన్లేదు నేను. గురక నాది! దానిమీద ఆయన నన్ను ఆడిపోసుకోని రోజుందా?"

"రంపంలా ఉంటుందక్కా. చివర్లో ఈల కూడా..."

"అది నాదేనే! అచ్చంగా నాదే!" అంది అక్క గుండెలు బాదుకుని. "ఎంత ధైర్యం! నన్ను వెక్కిరిస్తున్నాడా నట్టనడి బజార్లో?"

అక్క కోపం కొంచెం దిగి, గొంతు తగ్గించింది. "అయినా నిద్ర ఎక్కడిదే ఆయనకి? మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ కంటిమీద కునుకుంటే ఒట్టు. అందరికీ పరుపులు కడతాడు, తను మటుకు పైకప్పు చూస్తూ పడుంటాడు. ఊరికే పడుంటాడా, ఆ పాఠాలన్నీ నాకు అప్పజెబుతాడు. నిన్నగాక మొన్న, ఎవరో రాజుగారి కడగొట్టు తమ్ముడు ఆడవేషం వేసుకుని ఓడెక్కి పారిపోయిన సంగతి చెప్పి ఒకటే నవ్వు."

"ఆ సంగతి నేను చెప్పలేదే!" అంది మరదలు నెమ్మదిగా. "అప్పుడు బేరమొచ్చింది. ఆ కాస్తా వదిలేశాను."

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింద దుకాణంలో బావ ఎవరితోనో చంద్రుడిమీద సముద్రాలున్నాయని గట్టిగా వాదిస్తున్నాడు. ఆ గొంతు మరీ మెట్లదాకా వినిపించేంత గట్టిగా ఎందుకుందో మరదలికి అప్పుడు తెలిసింది. తను విని, కిందికి దిగి, కాదనాలని.

"ఉండు, అడిగేస్తాను" అని లేచింది అక్క.

మరదలు కొంగు పట్టుకుని ఆపింది. "అడక్కక్కా. అడిగితే ఇక నిద్రపోడు."

మర్నాడు క్లాసులో బావ యథాప్రకారం హాజరు పలికి, యథాప్రకారం వాలిపోయాడు. రంపం మొదలైంది. అంతలో ఒకావిడ వచ్చి పరుపు నొక్కి చూసి, "లోపలేమిటండీ, బూరుగు దూదేనా?" అంది.

మరదలు ఓరకంట బావను చూసి, బాగా వినబడేలా, "ఎక్కడి దూదండీ, పైన పల్చగా ఓ పొర. లోపలంతా పాతగుడ్డ పీలికలు!" అంది.

రంపం దుంగలో ఇరుక్కుపోయినట్టు టక్కున ఆగింది. ఒక కన్ను తెరుచుకుంది. మరదలు అటే చూస్తోంది. కన్ను గబుక్కున మూసుకుంది. రంపం మళ్ళీ కదిలింది కానీ పాపం, తడబాటులో ఈల ముందొచ్చి గురక తరవాత వచ్చింది.

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు కారేదాకా, దబ్బనం చేతిలోంచి జారేదాకా నవ్వింది. కొనడానికొచ్చిన ఆవిడ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది. "అబద్ధమండీ, వేళాకోళానికన్నాను. బంగారంలాంటి దూది, విప్పి చూపిస్తాను రండి" అని మరదలు ఆవిణ్ణి బతిమాలి కూర్చోబెట్టింది. బావ కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. పెదవులు మాత్రం చెప్పిన మాట వినడంలేదు.

ఆ రోజంతా మరదలు ఆలోచించింది. తన మాట తనకి తెచ్చిపెట్టడానికి ఈ మనిషి రోజూ పట్టపగలు దొంగనిద్ర పోయాడు. అసలు నిద్ర మాత్రం రాత్రుళ్ళు ఆయన దరికి రావడంలేదు. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. నిద్రని రమ్మని లాగితే రాదట, దానికి దారి చేసి పెట్టాలట.

మర్నాడు క్లాసు వేళకు ముందే ఫోను తీసి దూది మూటల కింద దాచేసింది.

"ఫోనేదమ్మాయ్?"

"ఛార్జింగ్ అయిపోయింది బావా. ఇవాళ పాఠం నేను చెబుతాను."

"నువ్వా!" బావ గబగబా మెడ గుండీ పెట్టుకున్నాడు. "హాజరు మేడమ్!"

"కూర్చోవద్దు. పడుకోండి."

"మేడమ్ ముందు పడుకోవడమా! సంస్కారం ఉండొద్దూ?"

"రోజూ చేసే పనేగా. ఇవాళ కాస్త ముందు మొదలెట్టండి, అంతే."

బావ అనుమానంగా చూసి, వాలాడు. మరదలు సగం కుట్టిన పరుపు దగ్గరకి లాక్కుని, కుడుతూ చెప్పడం మొదలెట్టింది. దూది కథ చెప్పింది. కాయ పగలడం, ఎవరో ఒక అమ్మ మొదటిసారి దాన్ని వేళ్ళమధ్య పురి తిప్పి దారం చెయ్యడం, ఆ దారం బట్టై, బట్ట మూటై, మూటలు ఒంటెలెక్కి, ఓడలెక్కి, పేర్లు తెలియని రేవుల్లో దిగడం. తొందరపడలేదు. దబ్బనం దిగే చప్పుడుకి ఒక మాట, దారం లాగే చప్పుడుకి ఒక మాట. బావ మర్యాదకి రంపం అందుకున్నాడు. ఆమె ఆపలేదు. "ఎక్కడికి వెళ్ళినా దాన్ని కుట్టేవాళ్ళు మాత్రం ఒకేలా ఉండేవాళ్ళట బావా. నోట్లో దారం పెట్టుకుని, నవ్వొచ్చినా నవ్వకుండా..."

రంపం మెల్లగా అయింది. ఈల మాయమైంది. తరవాత అసలు చప్పుడే లేదు.

లేచాడేమోనని మరదలు తొంగి చూసింది. నోరు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి పరుపు మీంచి నేలకు జారింది. అయినా నమ్మకం చాలక, వంగి, "లోపలంతా పీలికలే" అంది.

బావ కదల్లేదు.

బ్యాంకు గుమాస్తా ఇంకో దిండు కోసం గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోయాడు. మరదలు వేలు పెదవులమీద పెట్టింది. "ష్! క్లాసు జరుగుతోంది." గుమాస్తా చెప్పులు విప్పి, మునివేళ్ళమీద వచ్చి, కూర్చుని, దూది కథలో మిగతా సగం గుసగుసల్లో విని వెళ్ళాడు. బడినుంచి వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. మొగుణ్ణి చాలాసేపు చూసింది. ఆ తరవాత వీధి తలుపు ఒక రెక్క దగ్గరగా వేసింది, ఎండ ఆయన మొహం మీద పడకుండా.

దీపాలు పెట్టే వేళకి బావ లేచాడు. ఎక్కడున్నాడో కాసేపు తెలియలేదు. జుట్టంతా దూదే. "అయ్యయ్యో, అయిపోయిందా?" అన్నాడు అలవాటుగా. ఆ తరవాత తెల్లబోయాడు. ఈసారి ఏం చెప్పారో నిజంగానే తెలియదు మరి.

"ఏం చెప్పావమ్మాయ్?"

"మళ్ళీ మొదట్నుంచీ చెబుతాను, వినండి."

"వద్దొద్దు!" బావ చెవులమీద చేతులు పెట్టుకున్నాడు. "చెప్పిందే చెప్పించడం మర్యాద కాదు."

"అది మాస్టార్లకి బావా" అంది మరదలు, దారం ఎక్కిస్తూ. "మరదల్ని ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు."

బావ ఆమెను చూశాడు. అక్కను చూశాడు. దూది మూటల కిందనుంచి, ఛార్జింగ్ లేని ఫోను గణగణ మోగడం విన్నాడు. ముగ్గురిలో ఎవరూ దాన్ని తియ్యలేదు.

"అయితే రేపూ హాజరే మేడమ్" అని, బావ అటు తిరిగి పడుకున్నాడు. గురక లేకుండా.